కరెంటచ్చిందని చెప్పే సాంచ

పొద్దటి సంది మనసు నిమ్మలంగ లేదు. రాస్తెనన్న జర తగ్గుతదేమో.

కార్ఖానలు తిరిగి, పనిల దెబ్బలు తాకకుంట ఎట్లుండాల్నో చెప్పుడు నా కొలువు. తెలంగాణ సమ్మెతోని బస్సులు లేవు, జగిత్యాల నుంచి సిరిసిల్లకు బండి మీదనే పోయిన. కార్ఖానల అడుగుపెట్టిన్నో లేదో కరెంటు పోయింది. మరమగ్గాలను ఆడ సాంచలంటరు. అన్ని సాంచలు ఒక్కసారే ఆగినయ్. సాంచ నడిపేటి రాజేశమన్న దాని లోపటికి చెయ్యి పెట్టి తెగిన పోగు అతుకుతున్నడు. స్విచ్ మాత్రం ఏసే ఉన్నది.

"అన్నా, ముందుగాల స్విచ్ బంద్ చెయ్యి. కరెంటస్తే చెయ్యి పోతది."

"బంద్ చేస్తే కరెంటచ్చింది ఎట్ల తెలుస్తది సార్?"

"ఓ లైటు ఏసి పెట్టుకో."

"లైటు చప్పుడు చెయ్యదు గద సార్! సాంచ మొదలైతే మావోళ్లు కూసున్న చాయ హోటల్ దాక ఇనవడ్తది."

నేను స్విచ్ దిక్కు అడుగేసేలోపే కరెంటచ్చింది, సాంచ ధన్‌మని కదిలింది. ఆయన చెయ్యి ఎప్పుడు గుంజుకున్నడో నాకు కనవడనే లేదు. చేతి ఏళ్లన్ని ఉన్నయా అని నేను చూస్తుంటే, ఆయన నవ్వుకుంట "అచ్చింది, అచ్చింది!" అని బయటోళ్లను పిలుస్తున్నడు.

మల్యాల మీదికెల్లి జగిత్యాలకు మర్లిన. ఇంటికస్తే ఈడ గూడ కరెంటు లేదు. మా ఆమె మిక్సీ గిన్నెల చెయ్యి పెట్టి పచ్చడి తీస్తున్నది. స్విచ్ దిక్కు చూసిన. ఏసే ఉన్నది.

మీ ఇండ్లల్ల గూడ చూసి చెప్పుండ్రి. కరెంటు రాకముందే.