తొమ్మిదో పాఠంలో రోగి

మా రష్యన్ మాస్టారు దేవుడిలాంటివారని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన దేవుడూ కాదు, గీవుడూ కాదు. ముక్కోపి. తన సబ్జెక్టు తప్ప లోకంలో మరేదీ చదువే కాదనుకునే మనిషి. అయినా నా ముప్ఫై ఎనిమిదేళ్ళ బతుకులో ఎవరికైనా అన్యాయం చేశానంటే ఆయనకే చేశాను.

కాలేజీలో రష్యన్ భాష, చరిత్ర, సంస్కృతి అనే మూడేళ్ళ కోర్సులో నేనేం ముచ్చటపడి చేరలేదు. అడిగిన సీటు రాలేదు, మిగిలింది అదొక్కటే. "ఆ భాష నేర్చుకుని ఎవరితో మాట్లాడతావే, ఎలుగుబంట్లతోనా?" అని మా అన్నయ్య ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. మొదటి ఏడాది పదకొండు మందిమి, చివరి ఏడాది నలుగురం. కెమిస్ట్రీ ల్యాబు పక్కన ఇరుకు గది మాది. కిటికీ తెరిస్తే గ్యాసు వాసన, మూస్తే మాస్టారి ముక్కుపొడి వాసన.

ఆయన పద్ధతి ఒక్కటే, బట్టీ. పోస్టాఫీసులో, రైల్వే స్టేషన్లో, డాక్టరు దగ్గర జరిగే సంభాషణలన్నీ నోటికి రావాలి. ప్రతి పాఠంలోనూ పెద్ద వేషం ఆయనది, చిన్న వేషం మాది. ఆయన పోస్టుమాస్టరు, మేం స్టాంపుల కోసం వచ్చినవాళ్ళం. తొమ్మిదో పాఠంలో ఆయన డాక్టరు, మేం రోగులం. ఒక్క మాట తడబడితే మళ్ళీ మొదటికి రావలసిందే. వేషాలు మార్చుకుందామని ఒకసారి అడిగితే నన్ను ఆ గంటంతా నిలబెట్టారు.

చరిత్ర చెప్పేటప్పుడు మాత్రం వేరే మనిషి అయిపోయేవారు. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో మనిషికి రోజుకి నూట ఇరవై ఐదు గ్రాముల రొట్టె మాత్రమే దొరికిన రోజులున్నాయని చెప్పి, ఒకరోజు అంత ముక్క తూయించి తెచ్చి బల్ల మీద పెట్టారు. పాఠం అయ్యేదాకా ఎవర్నీ ముట్టనివ్వలేదు. గంట కొట్టాక తనే తినేశారు. మేం పడీ పడీ నవ్వాం. ఆయన నవ్వలేదు, బల్ల మీద రాలిన పొడి కూడా వేలితో అద్దుకుని తిన్నారు.

ఆ చదువు నాకు కూడు పెట్టలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో చేరి, పదిహేడేళ్ళుగా గోడ మీది అక్షరాలు జనం చేత చదివిస్తున్నాను. మాస్టారు రిటైరయ్యారు, ఆయన వెనకే కోర్సూ మూతబడింది. నిరుటి చలికాలంలో ఆయన భార్య దుకాణానికి వస్తే కళ్ళజోడు కోసమే అనుకున్నాను.

"అమ్మాయ్, నువ్వు మీ మాస్టారి దగ్గర చదివావు కదూ?" అన్నారు. "ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట వచ్చింది గానీ మన మాట రావట్లేదు. ఆ రష్యనే మాట్లాడుతున్నారు. డాక్టర్నడిగితే ఒక్కోసారి అలా అవుతుందన్నాడు. పొద్దున లేచింది మొదలు ఏదో చెప్తూనే ఉన్నారు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నాతో ఏమంటున్నారో కాస్త వచ్చి చెప్పమ్మా."

ఆ సాయంత్రమే వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గోడ పక్కన మంచం, పరుపు మీద ప్లాస్టిక్ గుడ్డ, మాస్టారు సగానికి సగం అయిపోయి ఉన్నారు. నన్ను చూసి, స్పష్టంగా, క్లాసులో లాగే అన్నారు: "కవర్లు ఎడమవైపు కిటికీలో దొరుకుతాయి. మీ రైలు ఎనిమిదో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుతుంది."

అన్నీ పాఠాలే. ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజూ అప్పజెప్పిన పాఠాలు, అవి తప్ప ఆ తలలో ఇంకేం మిగల్లేదు. ఆవిడ తువ్వాలు రెండు చేతులా పట్టుకుని నా నోటి వంకే చూస్తున్నారు.

"ఏమన్నారమ్మాయ్?"

కవర్ల గురించి చెప్పడానికి నాకు నోరు రాలేదు. "మీ చేతి వంట బాగుందంటున్నారమ్మా," అన్నాను.

ఆవిడ మంచం పట్టెమీద కూర్చుండిపోయారు. "నిజంగా?" అన్నారు రెండుసార్లు.

అప్పట్నుంచి రోజూ దుకాణం నుంచి అటే వెళ్ళేదాన్ని. రోజుకో అబద్ధం. మీరు చిక్కిపోయారంటున్నారు, కాసేపు పడుకోమంటున్నారు, ఆ నీలం రంగు మీకు నప్పిందంటున్నారు. నేను వెళ్ళేసరికి ఆవిడ తల దువ్వుకుని, నాకు కుర్చీ వేసి సిద్ధంగా ఉండేవారు. పుణ్యం చేస్తున్నానని లోలోపల పొంగిపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు అది బాగుండేది.

రెండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం మాస్టారు ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. "ఛాతీలో నొప్పిగా ఉంది. నిన్నటి నుంచీ ఉంది. నిద్ర పట్టడం లేదు," అన్నారు రష్యన్లో.

తొమ్మిదో పాఠం! నాకు నవ్వొచ్చింది. చిలిపితనం కొద్దీ డాక్టరు వేషం నేనే కట్టాను. "గట్టిగా ఊపిరి పీల్చండి. ఇప్పుడు బిగబట్టండి," అన్నాను. ఆయన నా వంకే చూస్తూ మళ్ళీ అదే మాట అన్నారు. ఒక్క అక్షరం తప్పకుండా తర్వాతి వాక్యం కూడా అప్పజెప్పాను. "భయపడకండి, మామూలు జలుబే."

ఆయన నా చెయ్యి వదిలేసి గోడవైపు మొహం తిప్పుకున్నారు.

"ఇవాళ ఏమన్నారు?" అన్నారావిడ వంటగదిలోంచి వస్తూ.

"మీరు పక్కన కూర్చుంటే బాగుంటుందన్నారు."

మర్నాడు పొద్దున్నే గుండె ఆగి పోయారు. వచ్చిన డాక్టరు, "ఒకటి రెండు రోజుల నుంచి నొప్పి ఉండే ఉంటుందే, ఏమీ చెప్పలేదా?" అని అడిగాడు. "లేదు బాబూ, ఒక్క మాటా అనలేదు," అన్నారావిడ. కబురు తెలిసి వెళ్ళి గుమ్మం పక్కన నిలబడి విన్న నాకు అప్పుడు వెలిగింది. మాస్టారు జన్మలో ఎన్నడూ రోగి మాటలు చెప్పలేదు. అవి మావి. జబ్బుపడ్డాక కూడా ఆయన నోట వచ్చినవన్నీ పోస్టుమాస్టరు మాటలు, స్టేషన్ మాస్టరు మాటలు. ఆ ఒక్కరోజే, తలలో మిగిలిన చెత్తంతా వెతుక్కుని, తన బాధకి పనికొచ్చే మాట ఒకటి పట్టుకుని నాకు చెప్పారు. అది అర్థమయ్యే మనిషిని ఊళ్ళో నేనొక్కదాన్నే.

వారం రోజులు ఆ ఇంటివైపు పోలేదు. ఎనిమిదో రోజు వెళ్ళాను. ఆవిడ ఆయన తువ్వాళ్ళు మడతపెడుతున్నారు.

"నొప్పి అని చెప్పారమ్మా," అన్నాను. "ఆ ఆదివారం నాతోనే చెప్పారు. నేను పాఠం అనుకున్నాను. రోజూ పాఠాలే కదా చెప్పేవారని..."

నన్ను తిడతారనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. ఆవిడ చేతిలోని తువ్వాలు ఒళ్ళో పెట్టుకున్నారు.

"రోజూ పాఠాలేనా?" అన్నారు.

అవునన్నట్టు తలూపాను.

"నలభై రెండేళ్ళలో నా వంట బాగుందని ఆయన ఒక్కనాడూ అనలేదమ్మాయ్. మంచాన పడ్డాక మనిషి మారాడనుకున్నాను. ఈ రెండు నెలలే నాకు కాపురం చేసినట్టు అనిపించింది. అదీ నీతోనేనా?"