ఎదురొచ్చే మనిషి కోసం

మా అమ్మాయికి యాభై దగ్గరపడుతుంటే సైకిలు పిచ్చి పట్టింది. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు ఈత కొట్టమంటే, గుంటూరులో ఈతకు ఎక్కడికి పోతానంటూ గేర్ల సైకిలొకటి కొనుక్కుంది. నెత్తిన టోపీ, చేతులకు తొడుగులు, కళ్ళకు రంగుల అద్దాలు పెట్టుకుని వీధిలోకి దిగితే దానికి లేని సిగ్గు నాకు ముంచుకొస్తుంది. మొన్న ఆదివారం స్నేహితురాళ్ళతో కలిసి, సైకిళ్ళు కార్ల మీద కట్టుకుని నల్లమల కొండల కిందికి వెళ్ళి, పొద్దెక్కాక ఫోన్లో ఒక ఫోటో పంపింది. నున్నటి తారు రోడ్డు, రెండు పక్కలా విచ్చిన పత్తి చేలు, ఎదురుగా కొండలు, వాటి నెత్తిన కొంచెం నల్లగా మబ్బు, రోడ్డు మీద నరమానవుడు లేడు. ఒక్క బండి కూడా లేదమ్మా, స్వర్గమనుకో, అని కింద రాసింది. అది చూడగానే నా గుండెల్లో రాయి పడింది. ఖాళీ రోడ్డంటే నాకు పడదు, ఎందుకు పడదో చెబితే మా అమ్మాయి ఈడు వాళ్ళు నవ్వుతారు గాని మన ఈడు వాళ్ళు నవ్వరని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

ఒంగోలు ఆఫీసు నుంచి నాకు మొదటి ఉద్యోగం ఆర్డరు వచ్చింది ఆ కొండల కింద ఒక ఊరి బడికి. మా ఊరి నుంచి పొద్దున్నే బయలుదేరి సైకిలు తొక్కితే బడి గంట వేళకు అందుకునేంత దూరం. వారమంతా అక్కడే ఒక గది తీసుకుని ఉండి శనివారం ఇంటికొచ్చేదాన్ని, సోమవారం మళ్ళీ వెళ్ళేదాన్ని. అద్దంకిలో కొన్న లేడీస్ సైకిలు నాది. వెనకే నాన్న తన పాత సైకిలు మీద, క్యారియరుకు నా బియ్యం సంచీ, పచ్చడి జాడీ కట్టుకుని వచ్చి, నన్ను బడి దాకా దిగబెట్టి తిరిగి వెళ్ళేవాడు. అప్పటికే రిటైరయిన బడిపంతులు కదా, ఒళ్ళు కదలాలి కాబట్టి వస్తున్నానని అమ్మతో అనేవాడు గాని, పెళ్ళికాని పిల్లను ఒంటరిగా పంపడానికి మనసొప్పక అని నాకు తెలుసు.

ఆ రోజుల్లో ఆ దారి ఖాళీగా ఉన్న పాపాన పోలేదు. బోరేల నిండా పత్తి కుక్కిన బళ్ళు, పాల క్యాన్ల వాళ్ళు, వరసకట్టి నడిచే కూలీ ఆడవాళ్ళు, మధ్యలో మేకల మంద అడ్డం, దాని వెనక హారను కొట్టీ కొట్టీ విసిగిపోయిన బస్సు. వీళ్ళలో సగం మంది నాన్న దగ్గర చదువుకున్నవాళ్ళో, నాన్న చేతి దెబ్బలు తిన్నవాళ్ళో. ప్రతివాడూ ఏం పంతులుగారూ అనడం, ఈయన కాలు కింద పెట్టి వాళ్ళ గేదె ఈనిందా లేదా అని అడగడం. బడికి ఆలస్యమవుతుందని నేను కస్సుబుస్సులాడేదాన్ని. ఈ జనమంతా లేకపోతే ఎంత హాయిగా తొక్కుకుంటూ పోవచ్చో అని ఎన్నిసార్లు అనుకున్నానో.

అది కార్తీక మాసం. తుపాను పోయి ఎండ కాసింది, మా ఊళ్ళో పడింది నాలుగు చినుకులే. మా దారిలో ఒక వాగు దాటాలి. దానికి ఇవతల చివరి ఊరి దగ్గర పత్తి తీయడానికి కొండల కిందికి పోయే ఆడకూలీల ట్రాక్టరు ఆగి ఉంది, డ్రైవరు టీ తాగుతున్నాడు. తొట్టిలోంచి ఒకామె, “ఏం పంతులుగారో, ఈ వయసులో ఏం తొక్కుతావు, ఎక్కరాదూ!” అని అరిచింది. అందరూ గొల్లున నవ్వారు. మీకంటే ముందే పోయి ఉంటాను చూడండని నాన్న పందెం కట్టినట్టు తొక్కాడు.

ఆ ఊరు దాటాక దారిలో ఎవరూ లేరు. ఎదురు రావలసిన బస్సు రాలేదు. పాల క్యాన్లు రాలేదు. పత్తి విచ్చి చేలన్నీ తెల్లగా ఉన్నాయి గాని, తీయడానికి వాగు అవతల నుంచి రోజూ వచ్చే కూలీలు ఒక్కరూ వంగి కనబడలేదు. మా గొలుసుల చప్పుడు తప్ప ఇంకే అలికిడీ లేదు. కొండల మీద నుంచి తడి మట్టి వాసనతో చల్లటి గాలి వచ్చింది. నాన్న మాత్రం చిన్నపిల్లాడై పోయాడు. రెండు చేతులూ వదిలేసి తొక్కుతూ, “చూశావా అమ్మాయ్, రోడ్డు మన పేర రాసిచ్చినట్టుందే!” అని అరిచాడు. నేను వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ తొక్కాను. వెనక్కి పోదాం నాన్నా అని నోటిదాకా వచ్చింది. ఎందుకంటే ఏం చెప్పను, ఎవరూ లేరని భయమేస్తోందని చెప్పనా?

కొంత దూరం పోయాక రోడ్డుకు అడ్డంగా పెద్ద ముళ్ళకంప పడి ఉంది. నాన్న దిగి, గొర్రెల వాడెవడో వేసి మరిచిపోయి ఉంటాడని తిట్టుకుంటూ, వెనక వచ్చే ట్రాక్టరు టైరుకు దిగితే పాపం ఆ ఆడవాళ్ళ కూలి పోతుందని దాన్ని ఓపిగ్గా లాగి పక్క గుంటలో పడేశాడు. అరచేతిలో ముల్లు గుచ్చుకుని రక్తం వస్తే పంచెకు తుడుచుకున్నాడు.

దాన్ని దాటగానే వాగు. గుండ్లకమ్మలో కలిసే వాగది. అప్పటికి బ్రిడ్జి లేదు, రోడ్డే ఇసుకలోకి దిగి అవతల గట్టెక్కేది. నడుమ పాదాలు తడిసేంత నీళ్ళు. సైకిళ్ళు నడిపించుకుంటూ దాటి మేము గట్టెక్కుతుంటే, అక్కడ నిలబడి ఉన్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి గుండెలు బాదుకుంది.

“ఎట్టా వచ్చారయ్యా మీరు! కొండల్లో రాత్రంతా కుమ్మేసింది, వాగొస్తంది! ఎవరూ రాబాకండని ఆ పక్కన మావోళ్ళు కంప ఏసొచ్చారు గదా!”

నాన్న వెనక్కి తిరిగి వాగు అవతలికి చూశాడు. “అది నేనే తీసేశానమ్మా,” అన్నాడు. ఆ మాట అంటూనే సైకిలు వదిలేశాడు, జాడీ పగిలి పచ్చడి ఇసుక పాలయింది. నేను చొక్కా పట్టుకున్నాను. ముసలమ్మ పోబాకయ్యా, పోబాకయ్యా అని ఒకటే కేక. “వదులు తల్లీ, ట్రాక్టరు నిండా ఆడవాళ్ళున్నారు. తీసింది నేను, పెట్టాల్సిందీ నేనే,” అని నా చెయ్యి విడిపించుకుని, పంచె ఎగ్గట్టి వాగులోకి పరిగెత్తాడు.

దూరంగా రైలు వస్తున్నట్టు చప్పుడు. పాదాలు తడిపిన నీళ్ళు నాన్న మోకాళ్ళకొచ్చాయి, ఎర్రగా మారాయి. చెట్లకు చెట్లనే దొర్లించుకుంటూ వాగు మలుపు తిరిగింది. నేను కళ్ళు మూసుకోలేదు, మూసి తెరిచేసరికి నాన్న ఉండడేమోనని. అవతల గట్టు కింద ఒకసారి మునిగాడు. సర్కారు తుమ్మ కొమ్మ ఒకటి చేతికి దొరికింది, ముళ్ళతో సహా దాన్ని వాటేసుకుని పైకి పాకాడు. లేచి ఆగలేదు, పరుగు. అదే సమయానికి చెట్ల వెనక ట్రాక్టరు పొగ కనబడింది. నాన్న గుంటలోంచి కంప లాగి రోడ్డుకు అడ్డంగా వేసి, అదీ చాలదన్నట్టు దాని ముందు చేతులు బారచాపి నిలబడ్డాడు. ట్రాక్టరు ఆగింది. వాళ్ళ మాటలు నాకు వినబడలేదు గాని, దిగిన ఆడవాళ్ళలో ఒకామె వాగును చూసి రోడ్డు మీదే కూలబడిపోవడం కనబడింది. నేను ఈ గట్టున, నాన్న ఆ గట్టున, నీళ్ళు తగ్గేదాకా అలాగే ఉండిపోయాం.

ఆ తర్వాత నాన్న చాలా ఏళ్ళు బతికాడు. కానీ రోడ్డు ఖాళీగా ఉంటే తొక్కేవాడు కాదు. దిగి, ఒక పక్కన నిలబడి, అటు నుంచి ఎవరో ఒకరు వచ్చేదాకా చూసేవాడు. ఎవరైనా వస్తే అవతలంతా బాగానే ఉందా అని అడిగి, అప్పుడు ఎక్కేవాడు. ఊళ్ళో నవ్వేవాళ్ళు. నేనూ విసుక్కునేదాన్ని, ఇంకెంతసేపు నాన్నా అని.

మొన్న ఫోటో చూసిన మరుక్షణమే మా అమ్మాయికి ఫోన్ చేశాను. దారిలో కంప ఏమన్నా అడ్డం ఉందా అంటే, కంపేంటమ్మా అంది. అది ఆ దారే, వాగు మీద ఇప్పుడు బ్రిడ్జి కట్టారట. ఫోన్లో మ్యాపు చూస్తే దారంతా పచ్చగా ఉందట, పచ్చగా ఉంటే ట్రాఫిక్కు లేనట్టట, అంతా బాగున్నట్టేనట. రోడ్డు మీద ఎవరూ లేరని ఆ ఫోనుకు తెలుసు. ఎందుకు లేరో దానికి తెలియదు. ఆ ఎందుకో తెలిసిన మనుషులు అప్పుడు ఆ దారినే నడిచేవాళ్ళు, నడవలేని రోజున వాగు దాటొచ్చి కంప వేసి పోయేవాళ్ళు. ఇప్పుడు కూలీలు ఆటోల్లో హైవే మీద ఎటో పోతున్నారు. ఖాళీ రోడ్డును చూసి మనం భయపడ్డాం, మన పిల్లలు దాన్ని వెతుక్కుంటూ వెళుతున్నారు.

మీ తాతయ్య ఆగినట్టు ఒక్కసారి ఆగవే, ఎవరైనా ఎదురొస్తే అడిగి కదులు అని బతిమాలాను. నీ చాదస్తం నువ్వూ అని నవ్వి, సరే అంది. ఫోన్ పెట్టెయ్యకుండా చెవికి ఆనించుకుని కూర్చున్నాను. స్నేహితురాళ్ళ నవ్వులు వినబడ్డాయి, తర్వాత అవీ ఆగాయి, చాలాసేపు గాలి ఒక్కటే వినబడింది.

“ఇంకా ఎవరూ రావట్లేదమ్మా,” అంది. ఈసారి నవ్వలేదు.