అద్దాల ఇంజనీరు పక్క సీటు

నిన్న ఇన్సూరెన్స్ కాగితం కోసం మా పాత కారు డాష్‌బోర్డు అరలో వెతుకుతుంటే నాలుగు మడతల పసుపు కాగితం ఒకటి దొరికింది. పదకొండేళ్ల కిందట, మేం కెనడాలోని ఈ విండ్సర్ వచ్చిన తొలి ఏడాది, మా ఆయన రోడ్ టెస్ట్ తప్పినప్పుడు చేతికిచ్చిన కాగితం. లేన్ మారేటప్పుడు తల తిప్పి పక్కకు చూడలేదని ఐదుచోట్ల టిక్కులు పెట్టి ఉన్నాయి. ఇప్పుడు డ్రైవింగ్ నేర్చుకుంటున్న పదహారేళ్ల మా అమ్మాయి అది చదివి, "జస్ట్ టర్న్ యువర్ హెడ్ కదా అమ్మా! అంతేగా?" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

ఆయన పుణేలో పన్నెండేళ్లు కారు పక్క అద్దాలు తయారుచేయించిన ఇంజనీరు. టెస్ట్ అయ్యాక కారు దిగకముందే, పరీక్ష పెట్టినావిడకు అద్దాల గురించి పెద్ద పాఠం చెప్పారట. ఆవిడ ఓపికగా విని, మళ్ళీ రమ్మని పంపేసింది. ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా, "అద్దం సరిగ్గా పెట్టుకుంటే పక్కనున్నదంతా కనపడుద్ది. నా అద్దాన్ని నేనే నమ్మకుండా మెడ తిప్పాలా? ఆవిడ నాకు చెప్పేదేంటి?" అన్నారు. ఇక ఆ టెస్టుకు వెళ్లలేదు. అదే నెలలో నేను మొదటిసారికే పాసయ్యాను. ఆ రోజు పాయసం చేసుకోవాలని ఉండింది కానీ, ఆయన మొహం చూసి చారు పెట్టి ఊరుకున్నాను.

ఈ ఊళ్లో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. ఆయనకు ఊరి చివర విడిభాగాల ప్లాంటులో అద్దాలు తనిఖీ చేసే పని దొరికింది. ఉదయం ఏడింటికి షిఫ్టు, ఆ వేళకు అటు బస్సు లేదు. తోటివాళ్ల కారులో వెళ్లమంటే, "అడుక్కుని ఎక్కాలా?" అనేవారు. అంచేత దింపడం నేనే, మూడున్నరకు తీసుకురావడం నేనే. చలికాలం ఆ పార్కింగులో హీటరు వేసుకుని, గాజు మీద పట్టిన ఆవిరి చేత్తో తుడుస్తూ గేటువైపు చూసేదాన్ని. దిగితే మంచు, వెళ్లిపోదామంటే ఆయన. సీటు బెల్టు తీయడం కూడా మరిచిపోయి అలాగే బిగుసుకుని కూర్చున్న రోజులున్నాయి. కారు నడపడం వచ్చిందీ నాకే, ఎక్కడికీ వెళ్లలేనిదాన్నీ నేనే.

అలాగని ఆయన్ను ఒట్టి మొండిమనిషని తీసిపారేయలేను. ఒకసారి ఒక లోడు అద్దాల్లో కనపడే బొమ్మ సన్నగా వంగుతోందని సంతకం పెట్టనన్నారు. బయట లారీ ఆగి ఉంది, మేనేజరు ఊగిపోతున్నాడు, తోటివాళ్లు బతిమాలుతున్నారు. ఈయన కదల్లేదు. తీరా పరీక్షిస్తే ఆయన మాటే నిజమైంది. మరుసటి ఏడాది ఇన్‌చార్జిని చేశారు. ఆ సాయంత్రం దారంతా ఆయన మాట్లాడుతూనే ఉంటే నాకెంత గర్వంగా అనిపించిందో! ఇన్‌చార్జి అయ్యాక మాత్రం రోడ్ టెస్ట్ ఊసెత్తితే ఒప్పుకునేవారే కాదు. కింద పనిచేసేవాళ్లకు తెలిస్తే నామోషీ అట.

ఆ మరుసటి ఏడే యూనివర్సిటీ ల్యాబులో నాకు సూపర్‌వైజరు పోస్టు ఇస్తామన్నారు. అప్పటిదాకా ఆయన షిఫ్టు సందులో ఇమిడేలా పార్ట్‌టైమ్ చేసేదాన్ని. కొత్త పోస్టయితే ఏడింటికే వెళ్లి ల్యాబు తెరవాలి. వారం గడువిచ్చారు. ఆ వారమంతా ఆయన పక్కనే కూర్చుని కారు నడిపాను, ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనంతట ఆయనే టెస్టుకు వెళ్తాననాలి గానీ, నేను బతిమాలడమేమిటి అనుకున్నాను. శుక్రవారం నాడు వద్దని రాసి పంపేశాను. నా అహం కూడా ఆయన అద్దం లాంటిదే, అందులో నా తప్పు నాకు కనపడలేదు.

ఈ ఉదయం దింపడానికి వెళ్తూ, పసుపు కాగితం ఆయన ఒళ్లో పెట్టి ఆ పోస్టు సంగతి చెప్పేశాను. లేన్ మారుతూ అలవాటుగా కుడివైపు తల తిప్పాను. ఇన్నేళ్లూ కిటికీలోంచి బయటికి చూసే మనిషి, నావైపే చూస్తున్నారు.

"అప్పుడే చెప్పుంటే మళ్ళీ టెస్టుకి పోయేవాణ్ని కదే," అన్నారు.

నిజంగా వెళ్లేవారో లేదో నాకు తెలియదు. ఆ పోస్టులో చేరినమ్మాయి ఇంకా అక్కడే ఉంది, నేనింకా ఆమె కింద పార్ట్‌టైమే చేస్తున్నాను. కాగితం జేబులో పెట్టుకుని ఆయన గేటులోకి వెళ్లిపోయారు. ఒక్క మాట చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ఇప్పుడు ఎంత తల వంచి అడిగినా తిరిగి ఇచ్చేవాళ్లు లేరు.