అవ్వ భాష గడిలో నేను రాసింది

బెళుగుప్ప దగ్గరి పల్లెలో బుట్టలల్లే అవ్వ పోయిన వారం చనిపోయిందని బస్సు కండక్టరు చెప్పాడు. ఆ పల్లె బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాణ్ణి. ఆమెకు నేను చేసిన తప్పు ఒకటుంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభై ఒకటిలో జనాభా లెక్కలు రాయడానికి ఆమె గుడిసెకు వెళ్లాను. ఈతాకు చీలుస్తోంది. మాట్లాడాల్సి వస్తే చేతిలో పని ఆపేది. రెండూ కలిపి చేసేది కాదు. బడిలో సుద్దముక్కలకని బుట్ట అల్లి ఊరికే ఇచ్చిన మనిషి.

"నీ మాతృభాష ఏం రాయమంటావవ్వా?"

"మాది కుర్రు బాస సారూ. ఇంట్లో అదే. తెలుగు సంతకు, మీ బడికి."

సరేనన్నాను. ఇంకా చాలా ఇళ్లున్నాయి. పైగా, ఇదీ ఒక భాషేనా అని లోపల చిన్నచూపు. కాగితంలో భాష గడిలో 'తెలుగు' అని రాసేశాను.

"రాసినావా?" అంది. ఆమెకు చదువు రాదు.

"రాసినానవ్వా."

సంబరంగా చెంబుతో నీళ్లిచ్చింది. మైలు దూరం నడిచి మోసుకొచ్చుకున్న నీళ్లవి. "మాట గూడా బాయి మాదిరే సారూ, తోడతాంటేనే ఊరతాది" అంది.

నాలుగేళ్లకు, దేశంలోని భాషలన్నీ నమోదు చేస్తున్నామంటూ ఒక పరిశోధకుడు టేపురికార్డరుతో బడికి వచ్చాడు.

"లెక్కలు రాసింది మీరేనట. ఇక్కడ కుర్రు మాట్లాడేవాళ్లున్నారా?"

ఉన్నారంటే, మరి కాగితంలో ఏం రాశారని అడుగుతాడు.

"లేరండీ" అన్నాను. టీ తాగి, వచ్చిన బస్సులోనే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అవ్వ ఎదురై, "ఆ పెట్టె తెచ్చిన ఆయప్ప ఎవురు సారూ?" అని అడిగింది. బడి ఇన్‌స్పెక్టరని అబద్ధం చెప్పాను.

నిన్న ఆ పల్లెకు వెళ్లి, ఆమె కూతురి ముందు ఇదంతా ఒప్పుకున్నాను.

"మా బాస సర్కారు కాయితంలోకి ఎక్కిందని మాయమ్మ అందరికీ చెప్పుకుంటాండె సారూ."

ఇప్పుడైనా రాసుకుంటానని కాగితాలు తీశాను. ఏమనుకుందో, కాదనలేదు. వాళ్ల భాషలో వానల పేర్లు చెప్పింది. తుంపరకు ఒకటి, జడివానకు ఒకటి. ఎండలో కురిసే వానకు మాట గుర్తు రాలేదు. కళ్లు మూసుకుని వెతుక్కుంది. చివరికి గుడిసె వైపు తిరిగి, "అమ్మా..." అని పిలిచింది. పిలిచాక, అమ్మ లేదని గుర్తొచ్చి, ఆ ఖాళీ వాకిలినే చూస్తూ ఉండిపోయింది.