నాగవేణి జాబ్ మీద నా ఆకురాయి

1997, జనవరి నెల. బెంగళూరు కాటన్‌పేటలో మూటల బండ్లు తప్పించుకుంటూ పది నిమిషాలు నడిస్తే మా హైస్కూలు వచ్చేది. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా మామూలు చదువుతో పాటు చేతిపని కూడా నేర్పే టెక్నికల్ సెక్షన్ అక్కడ ఉండేది. నేను అందులో ఫిట్టింగ్ ఇన్‌స్ట్రక్టర్ని. అప్పటికి పద్దెనిమిదేళ్ల సర్వీసు. నలభై మంది పిల్లలకు పన్నెండు వైస్‌లు. వైస్ అంటే ఇనుప ముక్కను కదలకుండా పట్టే దవడలు. ఆ పన్నెండులో మూడు బిగిసేవి కావు. అడిగి అడిగి నోరు నొప్పెట్టి, అడగడం మానేశాను.

మా సెక్షన్ అంటే స్టాఫ్‌రూములో అందరికీ లోకువ. లెక్కల మాస్టారు అల్లరి చేసినవాడిని, "నిన్ను ఫిట్టింగ్‌లో పడేయిస్తా" అని బెదిరించేవాడు. ఎనిమిదో తరగతిలో అలా పడ్డ సరుకే ఏటా నా దగ్గరికి వచ్చేది. నాగవేణి మాత్రం అడిగి మరీ వచ్చింది. వాళ్ల నాయన అంజనప్ప బళేపేటలో ఒక హార్డ్‌వేర్ అంగట్లో మొలలు తూచే పనివాడు. సెలవుల్లో ఆ అంగట్లోనే పెరిగిన పిల్ల. ఫిట్టింగ్ ఎందుకమ్మా, కుట్టు క్లాసు ఉంది కదా అంటే, "సూది గుచ్చుకుంటాది సార్" అంది. నలభై మందిలో ఒకతే ఆడపిల్ల. నాకు నవ్వొచ్చింది, చేర్చుకున్నాను.

ఫిట్టింగ్‌లో ముఖ్యమైన పనిముట్టు ఫైల్, అంటే ఆకురాయి. పదో తరగతి ఆఖర్లో ప్రతి పిల్లాడూ రెండు ఇనుప ముక్కలను ఆకురాయితో అరగదీసి ఒక జాబ్ చెయ్యాలి. వర్క్‌షాపు భాషలో జాబ్ అంటే ఉద్యోగం కాదు, చేసి చూపించే వస్తువు. ఒక ముక్కకు నాలుక, రెండోదానికి గాడి. నాలుక గాడిలోకి బొటనవేలితో తోస్తే పోవాలి. దీపానికి అడ్డం పెట్టి చూస్తే మధ్యలోంచి వెలుతురు రాకూడదు. చెప్పడానికి రెండు ముక్కలే, చెయ్యబోతే తలప్రాణం తోకకొస్తుంది. ఎందుకంటే ఇనుము ఎక్కువ ఉంటే తీయొచ్చు, ఎక్కువ తీసేస్తే మళ్లీ పెట్టలేం.

ఇక్కడ మా వృత్తిలోని ఒక గుట్టు చెప్పాలి. బయటినుంచి ఎగ్జామినర్ వచ్చే ముందు పిల్లల జాబ్‌లను మాస్టారే కాస్త సరిచేసి పెట్టేవాడు. దాన్ని 'టచింగ్' అనేవాళ్లం. నాకు ముందున్న మాస్టారు అట్లే చేశాడు, నాకూ నేర్పించాడు. "పిల్లల మంచికే కదప్పా, పాపమేముండాది" అనేవాడు. ఎగ్జామినర్లు కూడా ఒకప్పుడు టచింగ్ చేసినవాళ్లే కాబట్టి చూసీ చూడనట్టు మార్కులు వేసి టీ తాగి పోయేవాళ్లు. నేనూ పద్దెనిమిదేళ్లు అదే చేశాను. తప్పు అనిపించలేదు. ఇంకా చెప్పాలంటే, అదే మంచి మాస్టారి లక్షణం అనుకున్నాను.

ఆ జనవరిలో హెడ్‌మాస్టరు ఒక కాగితం తెచ్చి నా బల్లమీద పెట్టాడు. అత్తిబెలె దగ్గర ఒక మిషన్ల ఫ్యాక్టరీ వాళ్లు మా స్కూలు నుంచి ఇద్దరిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటారట. అప్రెంటిస్ అంటే పని నేర్చుకుంటూనే నెలకింత భత్యం తీసుకునేవాళ్లు. నచ్చితే తర్వాత అక్కడే ఉద్యోగం. పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. వాళ్ల ఫోర్‌మన్ స్వయంగా వచ్చి జాబ్‌లు చూసి పేర్లు రాసుకుంటాడు. నా సర్వీసులో అలాంటి వార్త అదే మొదటిది.

కాగితం నోటీసు బోర్డుకు అంటించిన రోజు నాగవేణి దాన్ని మూడుసార్లు చదివింది. మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, దాంట్లో మగపిల్లోళ్లే అని రాసిలేదు కదా?"

"రాయలేదమ్మా."

"మా నాయన టెంత్‌తో చాలు అంటా ఉండాడు సార్. ఇది దొరికితే పంపిస్తాడంట. లేకపోతే అంగట్లో కూర్చోమంటాడు. నాకు అమ్మేది వద్దు సార్, చేసేది కావాల."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎలాగైనా ఈ పిల్లను అత్తిబెలె పంపించాలని ఆ క్షణమే తీర్మానించుకున్నాను.

ఫోర్‌మన్ సోమవారం వస్తాడనగా, శనివారం పిల్లలు వెళ్లిపోయాక జాబ్‌లు దాచే బీరువా తెరిచాను. నలభై జాబ్‌లలో మెరుగైనవి నాలుగు తీశాను. మొదటిది నాగవేణిది. కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తే ఒక మూల వెంట్రుకంత వెలుతురు. అంతే! పదహారేళ్ల పిల్ల అరిగిపోయిన ఆకురాళ్లతో, బిగవని వైస్ మీద చేసిన పనికి ఆ సందు ఏపాటి? కానీ నా మనసు ఊరుకోలేదు. ఆడపిల్ల జాబ్ కదా, వెంట్రుకంత లోపం ఉన్నా వంకపెట్టి తీసేస్తారని భయం. నాది ఎడమచేతి వాటం. నా సొంత సన్న ఆకురాయి తీసి, అరగంటసేపు గాడి లోపలా నాలుక మీదా మెల్లగా లాగాను. ఎత్తుగా ఉన్నచోట్ల ఇనుము తీసి, నాలుక ఇంకాస్త లోపలికి దిగేట్టు చేసి సందు మూశాను. వెలుతురు పోయింది. మిగతా మూడింటికీ అదే మర్యాద చేసి బీరువా తాళం వేశాను. ఆ ముగ్గురి ఇళ్లల్లో పీయూసీకి, అంటే ఇంటర్‌కి, పంపే ఏర్పాట్లు అప్పుడే ఉన్నాయి, స్కూలు పేరు కోసం చేశానంతే. తక్కిన ముప్పై ఆరు జోలికి పోలేదు. అంత ఓపిక లేదు.

సోమవారం పదిన్నరకు ఫోర్‌మన్ వచ్చాడు. ముళబాగిలు వైపు మనిషి, పలుచటి శరీరం, దళసరి కళ్లద్దాలు. టీ ఇస్తే వద్దన్నాడు. జాబ్‌లన్నీ బల్లమీద పేర్పించి, ఒక్కొక్కటే తీసి ఎండకు ఏటవాలుగా పట్టి చూశాడు. నా నాలుగూ పక్కన పెట్టాడు. నా గుండె నిండింది, అవే తీసుకుంటున్నాడనుకున్నాను.

తర్వాత మిగిలినవాటిలోంచి రెండు ఏరి పేర్లు చదివాడు. మహేశ్. ఇంతియాజ్. ఆ రెండు జాబ్‌లలో సందులోంచి అవతలి మనిషి కనబడేట్టున్నాడు!

"సార్, ఆ నాలుగు చూడలేదా మీరు?" అన్నాను.

ఆయన పేర్ల కాగితం నా ముందుకు తోశాడు. "ఇక్కడ మీ సంతకం పెట్టండి." పెట్టాను. నా చేతివైపే చూసి తలాడించాడు.

"అనుకున్నా. ఈ నాలుగింటికీ కడపటి చెయ్యి ఒకటే. ఆకురాయి గీతలు చూడండి. కుడిచేతి వాళ్లు లాగితే ఇట్ల వాలతాయి. ఇవి అట్ల వాలినాయి. ఇది మీ చెయ్యి."

పిల్లలందరూ గుమ్మం దగ్గర ఉన్నారు. ముందు వరసలో నాగవేణి.

"పిల్లల మంచికే..." అని ఏదో నసిగాను.

"మహేశ్ పనిలో సందు ఉండాది. ఉండనీ. ఆ సందు వాడిది. యాడ తప్పినాడో నాకు తెలుస్తాది, నేర్పుకుంటా. దీంట్లో నేనేం చూడల్ల? మీకు ఉద్యోగం ఉండాది కదా!"

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ పిల్ల మొహం చూసి ఊరుకోలేక, అందరి ముందే ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి జాబ్‌లో వెంట్రుకంత సందు తప్ప ఏ లోపమూ లేదనీ, మూసింది నేననీ, కావాలంటే ఇంకో ముక్క ఇచ్చి చేయించి చూడమనీ బతిమాలాను. నాగవేణి కూడా ముందుకొచ్చింది.

"ఇక్కడే చేస్తా సార్. ఒక పీసు ఇవ్వండి."

ఫోర్‌మన్ ఆమె జాబ్ మళ్లీ తీసి అంచులు చూశాడు. ఆయన గొంతు మెత్తబడింది.

"నువ్వు చేస్తావు తల్లీ. అనుమానం లేదు. ఈ అంచున నీ గీతలు ఇంకా మిగిలి ఉండాయి, చక్కగా ఉండాయి. నీ సందు అట్లే ఉండుంటే నీ పేరే మొదట రాసుందును. ఇప్పుడు రెండు పేర్లు చదివేసినా. ఇద్దరే అని మా ఆఫీసులో చెప్పి పంపినారు. వాళ్లిద్దరూ వాళ్లకొచ్చిందే చూపించినారు. ఎవురిని కొట్టేయాల? నువ్వే చెప్పు."

మహేశ్ నేల చూస్తున్నాడు. ఇంతియాజ్ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. నాగవేణి వాళ్లిద్దరినీ చూసింది.

"ఎవురినీ వద్దులే సార్," అంది.

ఆయన వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది. "ఎందుకు ముట్టుకున్నారు సార్?" వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని సామెత చెబుతారు. నా విషయంలో వినాయకుడు ముందే తయారై ఉన్నాడు. నేను చెయ్యి పెట్టి కోతిని చేశాను.

సాయంత్రం బళేపేటకు పోయి అంజనప్పకు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టించుకోవడానికే పోయాను. అతను చేతులు తుడుచుకుని నాకు స్టూలు వేశాడు.

"పోనీలే సార్. మీరు మంచికే చేసినారు. అది బాగుపడల్లనే కదా. దాని నొసట అంతే రాసుండాది. కాఫీ తాగల్ల మీరు."

కాఫీ తాగి లేచాను. నాలుగు తిట్టుంటే హాయిగా ఇంటికి పోయి నిద్రపోయేవాణ్ణి.

ఆ ఎండాకాలం నాగవేణి అర్జీ పట్టుకుని ఇంకో రెండు ఫ్యాక్టరీలు తిరిగాను. రెండు చోట్లా ఒకటే జవాబు, ఆడపిల్లలకు వేరే టాయిలెట్ లేదని. మరుసటేడు అత్తిబెలె వాళ్లు అప్రెంటిస్‌లను తీసుకోవడమే ఆపేశారు. అంతలో అంజనప్ప నడుం పట్టేసింది. నాగవేణి ఆయన బదులు అంగట్లో కూర్చుంది. ఏది వద్దంటే అదే అయింది.

నేను టచింగ్ మానేశాను. ఇది గొప్పగా చెప్పడం లేదు. మానేసిన ఏడాది నా క్లాసు మార్కులు సగానికి పడిపోయాయి, హెడ్‌మాస్టరు అందరి ముందూ గడ్డిపెట్టాడు. "మీకు వయసైపోయిందప్పా, పిల్లల మీద ప్రేమ పోయింది" అన్నాడు. బీరువా తాళంచెవి పిల్లల చేతికే ఇచ్చేశాను. కొత్త మాస్టార్లు ఎవరైనా అడిగితే నేను నేర్చుకున్నది ఇదే చెబుతాను: పిల్లాడి పనిలో తప్పు కనబడితే వేలు పెట్టి చూపించండి, ఆకురాయి పెట్టకండి. విన్నవాళ్లు తక్కువ. నేనూ అలిసిపోయి చెప్పడం తగ్గించాను.

2006లో, రిటైరయ్యే ముందు సంవత్సరం, స్కూలుకు ఆకురాళ్లు కొనే పని నా మీద పడింది. వేరే చోట కొంటే చవకని ఎవరెన్ని చెప్పినా బళేపేటకే పోయాను. తొమ్మిదేళ్లుగా ఆ వీధి తప్పించుకుని తిరిగినవాణ్ణి. గల్లాపెట్టె పక్కన నాగవేణి కూర్చుని ఉంది. ఒక వర్క్‌షాపు మనిషి ఆకురాయి తీసుకుంటుంటే, "అది వద్దన్నా, పళ్లు మెత్తగా ఉండాయి, వారంలో అరిగిపోతాది" అని లాక్కుని, బొటనవేలితో రాసి చూసి ఇంకోటి ఇచ్చింది. అతను అదే తీసుకుపోయాడు.

నన్ను చూసి లేచి నిలబడింది. "సార్! రండి సార్, కూర్చోండి." వాళ్ల నాయన వేసిన స్టూలే వేసింది. ఆకురాళ్లు ఒక్కొక్కటే ఏరి కట్ట కడుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఇప్పుడూ ముట్టుకుంటా ఉండారా సార్?"

"లేదమ్మా. ఆ రోజే ఆఖరు."

"ఊఁ," అంది.

బల్లమీద చీటీలు ఎగరకుండా బరువు పెట్టి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ఆమె జాబే, నాలుకా గాడీ. తీసి వీధి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాను. నేను మూసిన సందు మళ్లీ తెరుచుకుని ఉంది. వెంట్రుకంత కాదు, చుట్టూతా చిటికెన గోరు దూరేంత. ఏటవాలుగా తిప్పాను. గీతలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి, కుడిచేతి వైపు.

"మీ గీతలు తీసేసినా సార్," అంది నాగవేణి. "అంతా లాగేసినా. సందు పెద్దదైపోయింది. అయితే ఏమి, ఇప్పుడు నాదే."

దాన్ని చీటీల మీద ఎక్కడుందో అక్కడే పెట్టాను. నాలుక ఒక పక్క కాస్త ఎత్తుగా ఉంది. రెండు లాగులు లాగితే చాలు, చదునవుతుంది. ఆకురాయి నా ముందే ఉంది, చెయ్యి దురద పెట్టింది. ఎడమచెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాను.