అల్లుడి కారుకు గంజి

మొన్న ఆదివారం నుంచి మా ఇంట్ల కారు మాటెత్తితే చాలు, మా ఆయన లేచి బయటికి పోతున్నడు. తప్పు ఆయనది కాదు. చెప్తా, జర ఓపికగా వినుండ్రి.

మా అల్లుడు శ్రీకాంత్ ఈ మధ్యనే ఒక పాత కారు కొన్నడు. ఆ ఆదివారం సాయంత్రమే మా బిడ్డను తీసుకొని, తన చెల్లె పెళ్లికి సిరిసిల్ల పోవాలె. "ఇంజన్ వేడైతుంది మామా, మెకానిక్‌కు చూపిస్త" అన్నడు. మా ఆయన ఊకుంటడా! "నలభై ఏండ్లు మగ్గాలు బాగు చేసినోణ్ని. కూలెంట్ మార్చనీకి మెకానిక్ ఎందుకు? నువ్వు తిని పండుకో!"

పద్ధతి నేను వివరిస్త. ముప్పై ఏండ్లు సైన్స్ చెప్పిన నోరు ఊరుకోదు గద. ముందు ఇంజన్ చల్లారాలె. కింద టబ్బు పెట్టి, రేడియేటర్ అడుగున బిరడా విప్పితే, ఇంజన్‌ను చల్లబరిచే పాత కూలెంట్ దిగిపోతది. మళ్ల బిరడా బిగించి కొత్తది పొయ్యాలె. లోపల ఇరికిన గాలి పోయేదాక మూత తీసిపెట్టి ఇంజన్ నడపాలె. గాలి తేలిక గనుక పైకొస్తది. అందుకే రేడియేటర్ మూతి పైకుండేటట్టు కారు ముందటి చక్రాలను పలకల మీదికి ఎక్కించినం.

బిరడా బిగించి, మా ఆయన "ఇగ పొయ్యవే!" అన్నడు. గోడ పక్కన డబ్బా ఎత్తి పోసిన. లేత నీలం రంగు, చక్కగ దిగింది.

ఇంజన్ ఆన్ చేసినం. బుడగలొచ్చినయ్. "చూడుండ్రి, గాలి పోతుంది!" అని పాఠం మొదలువెట్టిన. కానీ ఆ బుడగలు పగులవే! ఉబ్బి, ఒకదాన్నొకటి నెట్టుకుంట, బంపర్ మీదికి జారినయ్.

"గింత గాలి ఎక్కడిదే?"

"పాత కారు గద, ఎన్నేండ్ల గాలో!" అన్న, ధైర్యంగ.

ఎదురింటి జ్యోత్స్నాబెన్ గోడ మీదికెళ్లి తొంగి చూసింది. "మాసీ, పాపడ్ బనావో ఛో?" అప్పడాలు చేస్తున్నరా అని గుజరాతీల అడిగింది.

నిజమే, వడియాల వాసన! గోడ దిక్కు చూసిన. కూలెంట్ డబ్బా నిండుగ అట్లనే ఉంది. నేను పోసింది దాని పక్కన ఉన్న అసొంటి డబ్బానే. చెల్లె పెళ్లికి అల్లుడు వేసుకునే లాల్చీ కోసం పొద్దున కాచి, నీలిమందు కలిపి చల్లారవెట్టిన సగ్గుబియ్యం గంజి!

పక్కనున్న బమ్రోలి నుంచి మెకానిక్ వచ్చి బిరడా విప్పిండు. చుక్క రాలేదు, గంజి తాడు లెక్క సాగుకుంట వచ్చింది. తరతరాలుగ నూలుకు గంజి పెట్టిన ఇల్లు మాది, ఇంత చిక్కగ ఎన్నడూ కుదరలే! "ఏ కిస్నే డాలా?" ఇది పోసిందెవరని హిందీల అడిగిండు మెకానిక్. మా ఆయన ఆకాశం దిక్కు చూసిండు. మెకానిక్ రేడియేటర్ విప్పి సంకల పెట్టుకొని పోయిండు.

అల్లుడు సంచులెత్తుకొని బస్సుకు తయారైండు. గడప దాటేముందు మాత్రం కారు తాళం చెవి అడిగి జేబుల వేసుకున్నడు.

"రేడియేటరే లేని కారు ఎటు పోతది బిడ్డా? తాళం ఎందుకు?" అన్న.

"కారు ఎటూ పోదు అత్తమ్మా. మీరు ఇంట్లనే ఉంటరు గద!"