అత్త వెతికిన ఆకు

అత్త పోయిందని బరంపురం నుంచి ఫోనొచ్చేసరికి నేను గిరిసోల స్టేషన్లో ప్యాసింజరు కోసం చూస్తున్నాను. ఆమెను చూడ్డానికే బయల్దేరాను. రైలెక్కాక కూర్చోబుద్ధి కాలేదు. తలుపు దగ్గరే నిలబడ్డాను. అత్త కూడా ఎక్కడా కుదురుగా కూర్చునేది కాదు.

మా నాన్న చెల్లెలు. ఇంట్లో చింతపండు, మిర్చి హోల్‌సేలు. ఆమె మాత్రం కాలేజీలో బోటనీ చెప్పేది. సెలవులొస్తే తాల్చేరు బొగ్గు గనుల వైపు పోయి రాళ్లు మోసుకొచ్చేది. మీరు నమ్మరు గానీ, రాయి పగలగొడితే లోపల కోట్ల ఏళ్ల కిందటి ఆకుల అచ్చులు, పొరలు పొరలుగా.

"ఇన్నాకులు ఒక్కసారే రాలిపోనాయంటే ఏటి? సలికాలం ఒచ్చినట్టు. తాల్చేరులోన ఒకప్పుడు మంచుండేదిరా," అనేది, మే నెల ఉక్కలో విసనకర్ర ఊపుకుంటూ. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

ఒకే ఒక్క రాయి మీద ఆకు నల్లటి పొరతో సహా దక్కింది. ఆ పొరలో ఆకు చర్మం మిగిలుంటుందట. మైక్రోస్కోపు కింద దాని రంధ్రాలు చూస్తే అప్పటి గాలి ఎలాంటిదో తెలుస్తుందట. అత్త పరీక్ష పేపర్లు దిద్దడానికి కటక్ వెళ్లొచ్చేసరికి నాయనమ్మ దాన్ని దేవుడి గూట్లో సాలగ్రామం పక్కన పెట్టి, రోజూ నీళ్లు పోసి, పసుపు రాసేసింది. నల్లపొర పూర్తిగా పోయింది.

"రాయిలోన ఆకు మొలిసిందంటే దేవుడు కాక ఏటే?" అంది నాయనమ్మ.

అత్త ఆ పూట అన్నం తినలేదు. అరవనూ లేదు. మర్నాడు మిగతా రాళ్లన్నీ తెచ్చి నాయనమ్మ ముందు పరిచింది.

"అమ్మా, ఈటిల్లో దేవుళ్లు లేరు. ఒట్టి ఆకులే. తానం సెయ్యించకు."

ఆ తర్వాత అలాంటి ఆకు కోసం ప్రతి సెలవుకీ వెళ్లింది. మోకాళ్లు మొరాయించేదాకా వెళ్లింది. దొరకలేదు. ఇంకెందుకత్తా అంటే, "అప్పటి గాలెలాగుండేదో తెలీకుండా ఎలా ఉంటాన్రా?" అని కసురుకునేది. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడా కసురు ఒక్కసారి వినాలనుంది.

పెద్దకర్మ అయ్యాక ఇల్లు కడుగుతూ ఆ రాయిని గూట్లోంచి తీశాను. నాయనమ్మ పోయాక కూడా అత్త దాన్ని అక్కణ్ణుంచి కదపలేదు. ఏళ్లనాటి పసుపు పైపైన రాలిపోయింది గానీ గాడుల్లో దిగి ఉండిపోయింది. నడిమి ఈనె, దానికి అటూ ఇటూ సన్నటి వల, అంతా పసుపుపచ్చగా. రేపో మాపో కొమ్మ విడిచేలా ఉంది. కింద పెట్టడానికి చేతులు రాలేదు.